ముంజె చిట్లకుండా

“కణితి చచ్చిపోయిందన్నారు గదండీ. ఇప్పుడు మళ్ళీ కత్తి పెడితే అది లేచి కూర్చోదా?”

కంటి క్యాన్సరు నుంచి బయటపడ్డ పిల్లల తల్లులు అడిగే ప్రశ్న ఇది. అలాంటి ఒక పాపకు రెండేళ్ళు నిండకముందే కనుపాపలో తెల్లటి మెరుపు కనబడింది. ఊళ్ళో డాక్టరు పట్నం వెళ్ళమన్నాడు. కీమోథెరపీ, లేజరు, కొన్ని వారాలకోసారి మత్తిచ్చి కంటి పరీక్ష. రెండు మూడేళ్ళు ఇల్లూ ఆసుపత్రీ ఒకటైపోయాయి. చివరికి జబ్బు అణిగింది, కన్ను దక్కింది. కానీ ఆ కన్ను పక్కకు తిరిగిపోయింది. రేపోమాపో బడిలో వెయ్యాలి. మెల్లకన్నుకు ఆపరేషన్ ఉందని ఎవరో చెప్పారు. ఆపరేషన్ అనే మాట వినగానే ఆ తల్లికి పాత రోజులన్నీ మళ్ళీ కళ్ళ ముందు నిలిచాయి.

కత్తి తగిలితే క్యాన్సరు పాకుతుందన్న భయం మన దగ్గర పాతదే. రొమ్ములో గడ్డకో నోట్లో పుండుకో ముక్క తీసి పరీక్ష చేయించాలంటే ఆ భయంతోనే వెనకాడి, పరిస్థితి చెయ్యిదాటిపోయాక ఆసుపత్రికి వచ్చినవాళ్ళున్నారు. చాలా క్యాన్సర్ల విషయంలో ఆ భయం అనవసరం. ముక్క తీసి చూడనిదే జబ్బు పేరు కూడా తేలదు. కానీ పిల్లల కంటి క్యాన్సరు దగ్గరికి వచ్చేసరికి ఆ తల్లి భయంలో సగం నిజముంది. కంటి వైద్యులు ఆ సగం నిజాన్ని ఆమెకంటే ఎక్కువ గౌరవిస్తారు. అదేమిటో తెలిస్తే మిగతా సగం భయం దానంతటదే తగ్గుతుంది.

కన్ను పక్కకు ఎందుకు పోతుంది?

రెటినోబ్లాస్టోమా అనే ఈ జబ్బు పసిపిల్లలది. దాదాపు అందరిలోనూ ఐదేళ్ళలోపే బయటపడుతుంది. సుమారు 15,000 నుంచి 20,000 మంది పిల్లలు పుడితే వారిలో ఒకరికి వస్తుంది. కణాలు అదుపు తప్పి పెరగకుండా కళ్ళెం వేసే ఆర్‌బీ1 అనే జన్యువు మన 13వ క్రోమోజోము మీద ఉంటుంది. దానికి రెండు ప్రతులు. రెండూ పాడైతేనే కణితి మొదలవుతుందని అమెరికా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ నడ్‌సన్ 1971లో లెక్కలు కట్టి చెప్పాడు. ఆ జన్యువు చేతికి చిక్కింది మాత్రం 1986లో. ఆ కథ పెద్దది, ఇక్కడ మనకు కావలసింది కణితి ఎక్కడ పుడుతుందన్న సంగతి. అది పుట్టేది రెటీనాలో.

కంటి వెనుక గోడకు లోపలివైపు పరిచిన సన్నని పొర రెటీనా. బయటి బొమ్మ పడే తెర అదే. ఆ తెరంతా ఒకే రకంగా పనిచేయదు. నడుమ మిల్లీమీటరున్నర వెడల్పున చిన్న పల్లం ఉంటుంది. వైద్యులు ఫోవియా అంటారు, మనం చూపుచుక్క అందాం. సూదిలో దారం ఎక్కించాలన్నా, బియ్యంలో రాయి ఏరాలన్నా ఆ చుక్కే కావాలి. మనం దేన్నైనా చూడటమంటే రెండు కళ్ళనూ తిప్పి, ఆ వస్తువు రెండు చూపుచుక్కల మీదా పడేలా నిలపడమే. ఈ పని మెదడు చేస్తుంది. రెండు ఎద్దుల మెడల మీదా ఒకే కాడి ఉంచినట్టు, రెండు చూపులనూ కలిపి నడుపుతుంది.

ఒక కంటిలో చూపుచుక్క మీదో దాని పక్కనో కణితి కూర్చుందనుకుందాం. అక్కడ బొమ్మ పడదు. ఆ కంటిని ఫలానా వైపు తిప్పి నిలపడానికి మెదడుకు కారణమే లేదు. కాడి జారిన ఎద్దులా ఆ కన్ను తన దారిన పోతుంది, కొందరిలో ముక్కువైపు, కొందరిలో చెవివైపు. అందుకే ఈ క్యాన్సరు లక్షణాల్లో కనుపాపలో తెల్లటి మెరుపు తర్వాత ఎక్కువగా కనబడేది మెల్లకన్నే.

మెల్లకన్ను అదృష్టమని ఊళ్ళల్లో అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమగానే అంటారు, కానీ ఆ మాట విని ఆగిపోయిన నెలల్లో కణితి పెరిగిన పిల్లలున్నారు. పుట్టిన మూడు నాలుగు నెలల వరకూ కళ్ళు అప్పుడప్పుడూ అటూ ఇటూ పోవడం మామూలే. ఆ తర్వాతా పోతున్నా, ఏ వయసులోనైనా ఒక కన్ను ఎప్పుడూ పక్కకే ఉంటున్నా, చుక్కల మందు వేసి కనుపాప పెద్దది చేసి లోపలి తెరను చూడాల్సిందే. అంతకుముందు కళ్ళద్దాలూ కాదు, కంటి వ్యాయామాలూ కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఈ తెల్లటి మెరుపు గురించి జనానికి చెప్పడానికి వైటథాన్ పేరుతో పరుగు నిర్వహిస్తోంది. అందులో పరుగెత్తినవాళ్ళు తెల్లటి మెరుపుతో పాటు మెల్లకన్ను గురించి కూడా నలుగురికి చెబితే ఎంత బాగుంటుంది!

సరే, వైద్యం జరిగింది. మందుకు లొంగిన కణితి విరిగిన పాల ముద్దలా, సున్నపు గడ్డలా తెల్లగా ముడుచుకుపోతుంది. జబ్బు పోయింది గానీ ఆ చోట తెర కాలిపోయింది. కాడి మళ్ళీ మెడ మీదికి రాదు. పైగా వైద్యం కూడా ఒక్కోసారి చూపు వాటం మారుస్తుంది. రేడియోధార్మిక బిళ్ళను కంటి గోడకు కుట్టేటప్పుడు అడ్డొచ్చిన కండరాన్ని విప్పి, తర్వాత తిరిగి అతికిస్తారు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి నేరుగా కంటి రక్తనాళంలోకి మందు ఎక్కించే పద్ధతిలో కొందరికి కంటిని తిప్పే నరాలు కొంతకాలం బలహీనపడతాయి. వాటిలో చాలావరకు కోలుకుంటాయి. అందువల్ల మెల్లకన్ను కనబడగానే ఆపరేషన్ మాట ఎత్తరు, కొంతకాలం చూస్తారు.

ఆ చూసే కాలంలో చేయవలసిన పని ఒకటుంది. కణితి చూపుచుక్కను పూర్తిగా మింగని పిల్లల్లో కొంత చూపు మిగిలే ఉంటుంది, కానీ మెదడు ఆ కంటిని పక్కనపెట్టేసి మంచికంటితోనే పని కానిస్తుంది. వైద్యులు ఎంబ్లయోపియా అనే దీన్ని సోమరికన్ను అంటున్నాం గానీ, సోమరితనం కంటిది కాదు. పిల్లికూనల ఒక కంటిని మూసి ఉంచి, మెదడులో ఆ కంటికి చెందవలసిన చోటంతా రెండో కన్ను ఆక్రమించుకోవడాన్ని డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ చూపించారు. 1981లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆక్రమణ చిన్నతనంలోనే జరుగుతుంది, విడిపించడమూ చిన్నతనంలోనే సాధ్యం. రోజూ కొన్ని గంటలు మంచికంటికి పట్టీ వేస్తే రెండో కన్ను పనిలోకి దిగుతుంది. ఇక చూపు రాదనుకున్న కన్ను కూడా ఒక్కోసారి మచ్చ పక్కన మిగిలిన తెరతో చూడటం నేర్చుకుంటుంది. అప్పుడు ఆ కన్ను మనకు వంకరగా కనిపిస్తూనే తను మాత్రం సూటిగా చూస్తుంటుంది! అలాంటి కంటిని తొందరపడి సరిచేయకూడదు. పట్టీతో ఎంత చూపు రాబట్టగలమో తేలాకే కత్తి సంగతి.

గోడకు అవతలా ఇవతలా

వేసవిలో ముంజెలు తిననివాళ్ళు తెలుగునాట తక్కువ. తొక్క ఒలిచేటప్పుడు పిల్లలు తప్పకుండా చేసే పొరపాటు, గోరు లోతుగా దిగి లోపలి నీళ్ళు చివ్వున చిమ్మడం. అమ్మ ఒలిస్తే పైపొర మొత్తం వస్తుంది, ఒక్క చుక్క కారదు.

కన్ను కూడా అలాంటి నీటి ముంజె. తెల్లగుడ్డుగా మనకు కనబడేది దాని గోడ. పిల్లల కంటి క్యాన్సరు ఆ గోడ లోపల ఉన్నంతకాలం లొంగదీసుకోదగ్గ జబ్బే. సకాలంలో మంచి వైద్యం అందే దేశాల్లో నూటికి 95 మందికి పైగా పిల్లలు బతుకుతున్నారు. గోడ దాటి కంటి గూటిలోకో, కంటినరం వెంట మెదడువైపుకో, ఎముక మూలుగలోకో పోతే లెక్క మొత్తం మారిపోతుంది.

అందుకే ఈ క్యాన్సరులో ముక్క తీసి పరీక్ష చేయరు. సూది దిగిన దారి వెంట కణాలు బయటికి రావచ్చు. ఆ అవసరమూ లేదు, కన్ను ముందు అద్దంలా ఉంటుంది కాబట్టి వైద్యుడు కణితిని నేరుగా చూసే పేరు చెప్పగలడు. కంటి లోపలి జిగురులోకి మందు ఎక్కించడానికి కూడా చాలాకాలం వైద్యులు సాహసించలేదు. స్విట్జర్లాండులోని లొసాన్ నగరంలో ఫ్రాన్సిస్ మ్యూనియే బృందం 2012లో ఒక జాగ్రత్త పద్ధతిని వివరించింది. ముందు కంటి లోపలి ఒత్తిడి తగ్గించి, కణాలు లేని చోటు ఎంచుకుని సూది దింపుతారు. బయటికి తీసేటప్పుడు ఆ రంధ్రాన్ని గడ్డకట్టించేస్తారు, దారిలో ఒక్క కణం మిగిలినా చచ్చిపోవాలని. వెంట్రుకంత సూది రంధ్రానికి అంత కాపలా! వైద్యం ముగిశాక శుక్లం తీయడానికి కంటి లోపలికి వెళ్ళిన సందర్భాల్లో కూడా కొందరికి జబ్బు తిరగబెట్టింది.

తల్లి భయంలోని సగం నిజం ఇదే. గోడకు చిల్లి పడకూడదు.

మిగతా సగం చూద్దాం. మెల్లకన్ను ఆపరేషన్ కంటి లోపల జరగదు. కంటిని తిప్పే కండరాలు గోడకు బయట ఉంటాయి, పని అంతా ఆ బయటే. ముంజె నీళ్ళ జోలికి పోకుండా పైపొర మీదే పని. ఇక్కడికి ఊరట చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఒక చిక్కుంది. విప్పిన కండరాన్ని మళ్ళీ గోడకే కుట్టాలి. కండరం అతుక్కునే చోటికి కాస్త వెనకాల ఆ గోడ మందం 0.3 మిల్లీమీటర్లు. నోటుపుస్తకంలో మూడు కాగితాలు దగ్గరపెడితే ఎంతో అంత. సూది ఆ మూడు కాగితాల్లో పై రెండింటిలోంచి పోవాలి, మూడోదాన్ని తాకకూడదు.

చీరకు ఫాల్ కుట్టేవాళ్ళ చేతిని గమనించండి. సూది చీర అంచులో ఒకటి రెండు పోగులను మాత్రమే పట్టుకుని బయటికొస్తుంది, పైనుంచి చూస్తే కుట్టు కనబడదు. కంటి సర్జన్ చేసేదీ ఆ పనే, సూక్ష్మదర్శిని కిందో భూతద్దాల సాయంతోనో. మామూలు పిల్లల్లో పొరపాటున సూది కాస్త లోతుగా దిగినా చాలాసార్లు పెద్ద హాని జరగదు. అవసరమైతే లేజరుతో ఆ చోటు మూసి, కనిపెట్టి ఉంటారు. క్యాన్సరు వచ్చిన కంటిలో మాత్రం ఆ పొరపాటుకు చోటు లేదు. చెయ్యి అదే, సూది అదే, గోడకు అవతల ఉన్నది వేరు.

పగ్గాలు సవరించడం

మెల్లకన్నుకు విజయవంతమైన తొలి శస్త్రచికిత్స 1839 అక్టోబరులో బెర్లిన్‌లో జరిగింది. యోహాన్ డీఫెన్‌బాఖ్ అనే సర్జన్ ఒక బాలుడి కంటిని ముక్కువైపు లాగుతున్న కండరాన్ని కోసేశాడు. మత్తుమందు అప్పటికింకా రాలేదు. ఆ పిల్లవాడు ఎంత బాధ ఓర్చుకున్నాడో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. కోసి వదిలేసిన కండరం ఎంత వెనక్కి పోతుందో ఎవరి చేతిలోనూ ఉండేది కాదు. కొలిచి, కావలసినంత వెనక్కి జరిపి, గోడకు కుట్టే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో గానీ స్థిరపడలేదు.

ఒక్కో కంటికి ఆరు కండరాలు. అటూ ఇటూ తిప్పేవి రెండు, ఒకటి ముక్కువైపు, ఒకటి చెవివైపు. ఎద్దుకు రెండువైపులా పగ్గాలున్నట్టే. ఎద్దు ఎడమకే లాగుతుంటే ఎడమ పగ్గం వదులుచేసి, కుడి పగ్గం బిగిస్తాం. సర్జన్ కూడా ఒక కండరాన్ని విప్పి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిపి కుడతాడు, అది వదులవుతుంది. ఎదుటి కండరంలో కొంత కత్తిరించో మడిచో కుడతాడు, అది బిగుస్తుంది. ఎన్ని మిల్లీమీటర్లన్నది ముందే కొలుచుకోవాలి. కంటి మీద చిన్న దీపం వేస్తే నల్లగుడ్డులో ఒక వెలుగుచుక్క మెరుస్తుంది. సరిగ్గా ఉన్న కంట్లో అది దాదాపు నడిమధ్యన, మెల్లకంట్లో పక్కన. చూపు లేని కన్ను దేన్నీ నిలిపి చూడలేదు కాబట్టి, ప్రిజం పలకలు అడ్డంపెట్టి ఆ చుక్క నడుమకు వచ్చేదాకా మారుస్తూ వంకర ఎంతో లెక్కగడతారు.

క్యాన్సరు వచ్చిన కంటికి ఈ పనే మరికొన్ని కట్టుబాట్లతో చేస్తారు. మొదటిది కాలం. కణితి బతికి ఉండగా మెల్లకన్ను మాటే లేదు. జబ్బు అణిగాక కూడా, ఒకదాని వెంట ఒకటి జరిగే పరీక్షల్లో కదలిక లేదని నమ్మకం కుదిరేదాకా ఆగుతారు. ఎంతకాలమన్నది కణితి పరిమాణాన్ని బట్టి, దాని కణాలు విత్తనాల్లా కంటి జిగురులో చెదిరాయా లేదా అన్నదాన్ని బట్టి, కంటి క్యాన్సరు వైద్యుడు నిర్ణయించాలి. మెల్లకన్ను సర్జన్ ఒక్కడే తేల్చే విషయం కాదు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోని చోట ఈ ఆపరేషన్ చేయించవద్దని నేను గట్టిగానే చెబుతాను.

ఆపరేషన్ రోజున పాపకు మత్తిచ్చాక, కత్తి ముట్టుకునే ముందు రెటీనా అంచుల దాకా మరోసారి చూడాలి. కొత్త మచ్చ కనబడితే ఆ రోజుకు అంతే, మెల్లకన్ను వాయిదా. అంతా బాగుంటే కుట్టు ఎక్కడ వెయ్యాలన్నది తర్వాతి ఆలోచన. జరిపిన చోట, పలుచని గోడలో కుట్టకుండా, కండరం మొదట అతుక్కుని ఉన్న చోటే దారాన్ని కట్టి, కండరాన్ని ఆ దారానికి వేలాడదీసి వెనక్కి వదిలే పద్ధతి ఒకటుంది. ఆ పాత చోట కండరపు మొదలు మిగిలి ఉండటంతో పట్టు ఎక్కువ. నల్లగుడ్డు అంచుకు దగ్గరగా, రెటీనా మొదలయ్యే అంచుకు కాస్త ముందుగానే ఉంటుంది కూడా. సూది పొరపాటుగా దిగినా తెరను తాకే అవకాశం తగ్గుతుంది. పాత లేజరు, శీతల చికిత్స, రేడియోధార్మిక బిళ్ళ వల్ల పొరలు అతుక్కుపోయిన చోట, గోడ పలచబడ్డ చోట చెయ్యి మరీ నెమ్మదించాలి.

అసలు కత్తే లేని దారి కూడా ఒకటి లేకపోలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి వైద్యుడు బొటులినమ్ విషాన్ని అతి కొద్ది మోతాదులో కండరంలోకి ఎక్కించి దాన్ని వదులుచేయవచ్చని కనిపెట్టాడు. ఇప్పుడు ముఖం ముడతలకు వాడే బొటాక్స్ పుట్టింది మెల్లకన్ను కోసమే. అమెరికాలో దానికి 1989లో తొలి అనుమతి వచ్చింది కూడా మెల్లకన్నుకూ, కనురెప్పల బిగింపుకూ. దాని బలం కొన్ని నెలలే. రెండు చూపులూ కలిసే అవకాశమున్న పిల్లల్లో ఆ కొన్ని నెలలు చాలవచ్చు. చూపు లేని కంట్లో మందు బలం తగ్గిపోగానే కన్ను మళ్ళీ పాత చోటికి జారుతుంది.

ఏ కంటికి చెయ్యాలి?

నాకు అన్నిటికన్నా కష్టంగా తోచే ప్రశ్న ఇది. పగ్గాలు రెండు కళ్ళకూ ఉన్నాయి కాబట్టి, లెక్క ప్రకారం మెల్లకన్నును రెండో కంటికి ఆపరేషన్ చేసి కూడా సరిచేయవచ్చు. క్యాన్సరు వచ్చిన కంటిని ముట్టుకోకుండా, ఆరోగ్యంగా ఉన్న కంటి కండరాలనే సవరిస్తే గోడకు చిల్లి పడే బెంగే ఉండదు గదా!

కానీ ఆ పాపకు లోకాన్ని చూపిస్తున్నది ఆ ఒక్క కన్నే. మెల్లకన్ను ఆపరేషన్‌లో కంటికి పెద్ద హాని జరగడం అరుదు. అరుదైనా అసాధ్యం కాదు. ఒంటికంటి చూపుతో బతికే బిడ్డకు ఆ అరుదైన హాని కూడా భరించలేనిదే. అందుకే చూపు తక్కువున్న కంటికే చెయ్యాలన్నది మెల్లకన్ను వైద్యంలో పాత నియమం. ఆ నియమం పాటిస్తే సూది దిగేది క్యాన్సరు వచ్చిన కంట్లో. ఎటు మొగ్గినా ఒక భయం ఉంది.

నా మొగ్గు తగినంతకాలం ఆగి, జబ్బు సోకిన కంటికే జాగ్రత్తగా చేయడం వైపు. ఒక భయాన్ని కాలం తగ్గిస్తుంది, రెండోదాన్ని ఎంతకాలం ఆగినా తగ్గించలేం. చాలామంది తల్లిదండ్రులు కూడా, వైద్యుడు చెప్పకముందే, “మంచికన్ను జోలికి పోవద్దండీ” అంటారు. ఆ మంచికంటికి పగలని పాలీకార్బొనేట్ అద్దాలు ఇప్పించడం మాత్రం ఆపరేషన్ దాకా ఆగకూడని పని. పవరు లేకపోయినా ఆ అద్దాలు ఉండాలి. గిల్లీ కర్ర, క్రికెట్ బంతి, దీపావళి టపాకాయ, ఏదైనా ఒక్కసారి తగిలితే చాలు.

అందం కోసమేనా?

“చూపు ఎలాగూ రాదు, మరి అంత తంటా ఎందుకు, అందం కోసమేగా?” అని బంధువులు అడుగుతారు. చూపు రాదన్నది నిజమే. మాడిన తెర కండరం జరిపితే బాగుపడదు. ఒక చిన్న లాభం మాత్రం ఉంటుంది. ముక్కువైపు తిరిగిన కంట్లో రెటీనా అంచులు బతికుంటే, కన్ను తిన్నగా అయ్యాక ఆ పక్కనుంచి వచ్చే సైకిలో, ఆటోనో కాస్త ముందు కనబడవచ్చు.

అయినా నా సమాధానం అది కాదు. ఎదుటివాడు ఎవరిని చూస్తున్నాడో మనం వాడి కళ్ళను బట్టే తెలుసుకుంటాం. మెల్లకన్నున్న పిల్లవాడు తరగతిలో స్నేహితుణ్ణి చూసి నవ్వితే, ఆ నవ్వు తనకేనో కాదో వాడికి తెలియదు. 2011లో స్విట్జర్లాండు పరిశోధకులు పిల్లలకు కవల పిల్లల ఫొటోలు చూపించి, పుట్టినరోజుకు ఎవరిని పిలుస్తారని అడిగారు. జంటలో ఒకరి కళ్ళను కంప్యూటరులో మెల్లకళ్ళుగా మార్చారు, మిగతా ముఖమంతా ఒకటే. ఆరేళ్ళలోపు పిల్లలు తేడా చూపలేదు. ఆరు దాటినవాళ్ళు మెల్లకన్ను లేనివాళ్ళనే ఎక్కువగా ఎంచుకున్నారు. మన పిల్లలు ఒకటో తరగతిలో అడుగుపెట్టే వయసది. బడిలో పిల్లకు పేరు పోయి “మెల్లకన్నుది” మిగలడం మొదలయ్యేదీ అప్పుడే. మూడేళ్ళు క్యాన్సరుతో పోరాడి గెలిచిన పిల్లను ఆ పిలుపుకు వదిలేసి, వైద్యం పూర్తయిందని ఎలా అంటాం? దీన్ని సౌందర్య చికిత్స పద్దులో రాయడం నాకు తప్పుగానే తోస్తుంది.

తల్లిదండ్రులకు ముందే చెప్పవలసిన మాట ఇంకొకటుంది. చూపు లేని కంటిని మెదడు పట్టి ఉంచదు. అందువల్ల ఇవాళ తిన్నగా నిలిచిన కన్ను ఏళ్ళు గడిచేకొద్దీ మళ్ళీ జరగవచ్చు, ఎక్కువగా చెవివైపుకు. పెద్దయ్యాక మరోసారి సవరించాల్సి రావచ్చు. అది మొదటి ఆపరేషన్ విఫలమైనట్టు కాదు.

ఆపరేషన్ అయ్యాక రెండు మూడు వారాలు తెల్లగుడ్డు ఎర్రగా ఉంటుంది. డాక్టరు చెప్పేదాకా తలంటు వద్దు, మట్టిలో ఆటలు వద్దు. మత్తిచ్చి చేసే రెటీనా పరీక్షల తేదీలు మాత్రం మారవు, ఫైలులో ఏ తేదీ రాసి ఉందో ఆ తేదీకే వెళ్ళాలి.

ఎరుపు తగ్గిన రోజున ఇంట్లో అందరూ చేసే పని పాపకు ఫొటో తీయడం. మొదట జబ్బు బయటపడింది కూడా చాలా ఇళ్ళల్లో ఫోను ఫ్లాషు వెలుగులో తీసిన ఫొటోతోనే. ఇప్పుడు అదే ఫ్లాషు వెలుగు రెండు నల్లగుడ్లలోనూ దాదాపు ఒకే చోట చుక్కగా మెరుస్తుంది. జబ్బు వచ్చిన కంటి కనుపాపలో తెలుపు మాత్రం ఇంకా కనబడవచ్చు. అది ముడుచుకుపోయిన కణితి మచ్చ. అంతకుముందు ఫొటోల్లో లేనిది ఏదైనా తోస్తే తేదీ కోసం ఆగకుండా ఆ ఫొటో పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళండి.